హుసేనప్ప వేలు

ఆయన నన్ను ఒక్కనాడూ నా పేరుతో పిలవలేదు. అందుకే నేనూ ఇక్కడ ఆయన పేరు రాయను. చెల్లుకు చెల్లు. పోయిన మనిషి మీద ఇంకా ఈ కక్ష ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆదోని కొండ కింది గ్రౌండులో ఆయన దగ్గర హాకీ నేర్చుకున్నవాళ్ళు మాత్రం అనుకోరు. వాళ్ళకూ ఇదే కోపం ఉంది.

ఇప్పుడు ఆయన ఎందుకు గుర్తొచ్చాడో ముందు చెప్తాను. నేను ఎమ్మిగనూరులో ఒక హైస్కూల్లో పీఈటీ సారును. ఆడపిల్లలకు హాకీ నేర్పుతాను. పోయిన నెల జిల్లా జట్టు ఎంపికకు పిల్లల్ని తీసుకుపోయాను. అందులో శిరీష అనే పిల్ల మీద నాకు చాలా ఆశ. వాళ్ళ నాయన మగ్గం పని మానేసి ఆటో నడుపుతాడు, అమ్మ మిరపకాయలు కోసే కాలంలో గుంటూరు పోతుంది. ఆ పిల్ల బంతి తీసుకుని కుడివైపు గీత వెంబడి పరుగెత్తితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు కూడా అట్లే ఆడింది. పేర్లు చదివినప్పుడు మాత్రం తన పేరు లేదు.

ఎంపిక చేసిన కోచ్ బయటి ఊరి కుర్రవాడు. మర్యాద తెలిసినవాడు. నన్ను పక్కకు పిలిచి, "సార్, ఏమీ అనుకోవద్దు. మీ పిల్లలందరూ ఎడమచేతి చిటికెన వేలు పైకి లేపి స్టిక్ పట్టుకుంటారు, ఎందుకు?" అని అడిగాడు.

"ఎవరు?" అన్నాను.

"అందరూ," అన్నాడు.

తిరిగి చూశాను. మా పిల్లలు స్టిక్కులు పట్టుకుని నీళ్ళ కుండ దగ్గర నిలబడి ఉన్నారు. అందరి చిటికెన వేళ్ళూ లేచి ఉన్నాయి, సాసర్లో టీ పోసుకుని తాగేవాళ్ళ వేళ్ళ మాదిరి. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న చేతులు. నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

"పై చేతి వేలు లేస్తే పట్టు ఉండదు సార్. ఎదుటివాళ్ళు గట్టిగా కొడితే స్టిక్ చేతిలో తిరిగిపోతుంది. ఆ శిరీష ఆట చాలా బాగుంది. పట్టు సరిచేసి తీసుకురండి, వచ్చేసారి నేనే తీసుకుంటాను," అన్నాడు ఆ కుర్రవాడు.

బస్సులో శిరీష కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంది. ఆ వేలు ఎవరిదో నాకు తెలుసు. అది హుసేనప్ప వేలు. హుసేనప్పను నేను ఎన్నడూ కళ్ళారా చూసింది లేదు, నాకు ఊహ తెలిసేసరికే ఆయన పోయాడు. ఆయన వేలు మా పిల్లల చేతుల్లోకి వచ్చింది, నేను పేరు రాయనన్న ఆ పెద్దమనిషి పుణ్యమే.

ఆదోనిలో పత్తి గింజలు తీసే మిల్లులు చాలా ఉండేవి. అందులో ఒక మిల్లుకు హాకీ జట్టు ఉండేది. మిల్లు యజమానికి హాకీ అంటే పిచ్చి. ఆడేవాడికి పని ఇచ్చేవాడు, ఆట ఉన్న రోజు పని లేకపోయినా జీతం ఇచ్చేవాడు. ఇప్పుడు టీవీల్లో చూసే లీగుల ఆర్భాటం లేదు కానీ మా వైపు ఆట ఆడి కూడు తిన్న మనుషులు వాళ్ళే. మా పెద్దమనిషి ఆ జట్టుకు గోలీ, అంటే గోలు కాసేవాడు, కెప్టెను కూడా. మిల్లు దూదినే గోనెపట్టలో కుక్కి కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు తనే కుట్టుకున్నాడు. మేము వెళ్ళేనాటికి అవి పిగిలిపోయి లోపలి దూది నల్లబడి ఉండేది. వాటిని పారేయమంటే ఒప్పుకునేవాడు కాదు.

గోలీగా బతికినందువల్ల ఆయనకు ఒక వింత అలవాటు వచ్చింది. మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు. వీపులు గుర్తుండేవి. ఆట ఆడినన్నాళ్ళూ తన జట్టువాళ్ళను వెనకనుంచే చూశాడు కదా. మాకు నేర్పేటప్పుడు కూడా గీత పక్కన నిలబడేవాడు కాదు, గోలు వెనక నిలబడేవాడు. అక్కడ బీడీ ముట్టించుకుని, రెండు చేతులూ వెనక కట్టుకుని, మా వీపుల్ని చూసేవాడు. బజారులో ఎదురుపడి నమస్కారం పెడితే "ఎవురప్పా నువ్వు" అనేవాడు. దాటి నాలుగడుగులు వేశాక వెనకనుంచి కేక వేసేవాడు.

నన్ను పట్టుకున్నది అట్లే. నాకప్పుడు పద్నాలుగో పదిహేనో. మా ఊరు దేవనకొండ దగ్గర ఒక పల్లె. ఆదోనిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఒక సాయంత్రం మార్కెట్ యార్డు పక్కనుంచి పోతున్నాను. వెనకనుంచి ఎవరో "ఏమప్పా హుసేనప్పా" అన్నారు. నన్ను కాదులే అని పోతూనే ఉన్నాను. ఆయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పిలిస్తే పలకవేమప్పా?"

"నా పేరు సామేలు," అన్నాను.

నా ముఖం చూసి ఆయన కాస్త చిన్నబోయాడు. మళ్ళీ నన్ను భుజాలు పట్టి అటు తిప్పి వీపు చూశాడు. పశువుల సంతలో ఎద్దును చూసినట్టు చూశాడంటే నమ్మండి. "రేపు సాయంత్రం గ్రౌండుకు రా. స్టిక్ నేనిస్తాలే," అన్నాడు. ఎందుకు పోయానో ఇప్పటికీ తెలియదు. హాస్టల్లో సాయంత్రం పూట ఏమీ తోచక పోయి ఉంటాను.

గ్రౌండులో మొదటి రోజే నాకు విషయం అర్థమైంది. ఆట మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడాలి. ఆయన గోలు కొయ్య దగ్గర నిలబడి పేర్లు పిలుస్తాడు. కుడివైపు చివర ఆడేవాడి నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తాడు. హుసేనప్ప, బజారప్ప, ఉరుకుందు, ఈరన్న, ఇట్లా. పలకాల్సింది మేము. "హాజర్" అనాలి. అందులో ఒక్క పేరూ మాది కాదు. సుంకన్న అని పిలిస్తే పలికేవాడి పేరు రఫీ. ఈరన్న అని పిలిస్తే పలికేది మా హాస్టల్ పిల్లవాడు యోహాను. పది పేర్లు అయ్యాక ఆయన ఆగేవాడు. పదకొండోవాడు గోలీ, అంటే ఆయన. తన పేరు తను పిలుచుకునేవాడు కాదు. కాసేపు ఊరికే నిలబడి, చప్పట్లు కొట్టి, "ఊ, పోండి" అనేవాడు.

పేర్లు తగిలించి ఊరుకుంటే సరే అనుకోవచ్చు. ఆ పేరు గల మనిషి ఆట మొత్తం మాతో ఆడించేవాడు. పాత సుంకన్నకు ఎడమ కన్ను లేదట. అందుకని ఎడమవైపు చూడాలంటే తల మొత్తం తిప్పేవాడట. రెండు కళ్ళూ బాగున్న రఫీ కూడా తల మొత్తం తిప్పాలి. కళ్ళు తిప్పితే గోలు వెనకనుంచి కేక వచ్చేది. "తల, తల." పాపం రఫీకి మెడ నొప్పి పట్టుకుంది. ఇప్పుడు ఆదోనిలో పండ్ల బండి పెట్టుకున్నాడు, ఎడమవైపు నిలబడి బేరమాడితే ఇప్పటికీ తల మొత్తం తిప్పి ధర చెప్తాడు.

నాకు వచ్చింది వేలు. హుసేనప్ప ఎడమ చిటికెన వేలు మిల్లులో గింజ తీసే మెషీన్ తినేసింది. తరువాత కూడా ఆడాడు, ముందు కన్నా బాగా ఆడాడని మా పెద్దమనిషి నమ్మకం. ఆ వేలు లేకపోవడంలోనే ఏదో కిటుకు ఉందని ఆయన లెక్క. "ఆ వేలు ముట్టనీకప్పా. హుసేనప్ప ముట్టనియ్యలా," అనేవాడు. నా వేలు స్టిక్కుకు తగిలిందంటే అంత దూరాన్నుంచి ఎట్లా తెలిసేదో, వీపును బట్టే చెప్పేవాడు. "వేలు." అంతే, ఎత్తేవాణ్ణి. కొన్నాళ్ళకు కేక అక్కరలేకుండానే అది లేచేది.

మాకు నవ్వులాటగానే ఉండేది. ఊళ్ళోవాళ్ళకు ఇంకా ఎక్కువ. టీ అంగడి దగ్గర ఆయన్ని ఆపి, "ఏమన్నా, మీ టీము ఎప్పటికి తయారైతాది?" అని అడిగేవాళ్ళు. ఆయన వేళాకోళం పట్టించుకునేవాడు కాదు. బాగా ఆలోచించి చెప్పేవాడు.

"ఇంకొక మూడేండ్లు పడతాదప్పా."

మరుసటి ఏడు అడిగినా మూడేండ్లే. మాలో ఒకడు పదో తరగతి తప్పి బెంగళూరు పోతాడు, ఒకడికి పెళ్ళి అవుతుంది, ఒకడు బేల్దారి పనికి పోతాడు. జట్టు చెదిరిపోయేది. ఆయన మళ్ళీ బజారులో వీపులు వెతుక్కునేవాడు. ఈరన్న పోతే ఇంకొక ఈరన్న వచ్చేవాడు. మూడేండ్లు మాత్రం తగ్గేవి కావు.

ఆ పాత జట్టు ఏమైందో మాకు ఆయన చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి మాకూ తెలిసింది. ఎమ్మిగనూరులో ఆట గెలిచి మిల్లు లారీలో తిరిగి వస్తున్నారు. దూది బేళ్ళ మీద కూర్చుని రావడం వాళ్ళకు అలవాటు. ఎవరినైనా వదిలేసి పోతామేమోనని లారీ కదిలే ముందు కెప్టెను పేర్లు పిలుస్తాడు, పైనుంచి "హాజర్" అంటారు. ఆ రోజు మా పెద్దమనిషి పిలిచాడు, పదిమందీ పలికారు. తను మాత్రం ఎక్కలేదు. ఎమ్మిగనూరులోనే అత్తగారిల్లు. పొద్దున వస్తానని చెప్పి, లారీ వెనక తలుపు మీద రెండు దెబ్బలు చరిచి, "పోనీ" అన్నాడు. పొద్దు గూకే వేళ లారీ మలుపులో బోల్తా పడింది. కొందరు బేళ్ళ కింద పోయారు, హుసేనప్ప కూడా. మిగిలినవాళ్ళు మళ్ళీ స్టిక్ పట్టలేదు. యజమాని జట్టును ఎత్తేశాడు. తరువాత మిల్లూ మూతపడింది.

ఇంత తెలిసినా మాకు వయసు చిన్నది. నాకు నా పేరు కావాలి. ఆ కోరిక ఎంత గట్టిగా ఉండేదంటే, పడుకునేటప్పుడు "సామేలు గోలు కొట్టినాడు" అని నాకు నేనే మెల్లగా అనుకునేవాణ్ణి.

ఒకసారి ఎమ్మిగనూరులో టోర్నమెంటు. మా నాయన నేను ఆడేది చూడాలని మొదటిసారి బస్సెక్కి వచ్చాడు. కూలికి పోయే మనిషి, ఒక రోజు పని వదులుకుని వచ్చాడు. దూరపు చూపు తక్కువ, గ్రౌండు అవతల కూర్చున్నాడు. ఆ రోజు నేను గోలు కొట్టాను. మైకులో చెప్పారు, గోలు కొట్టింది హుసేనప్ప అని. మా పెద్దమనిషి పేర్లు అట్లా రాయించి ఇచ్చాడు మరి. ఆట అయ్యాక మా నాయన నా కోసం బొరుగుల పొట్లం పట్టుకుని వచ్చాడు.

"ఏమిరా, నీ పేరు ఒకపారి గూడ సెప్పలేదే. ఆడలేదా ఏమి? ఎవురో హుసేనప్పంట, బాగా ఆడినాడు," అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. నేనే అని చెప్తే కూడా ఆయన ఊరికే తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

మరుసటి రోజు సాయంత్రం నేను గ్రౌండులో వరసలో నిలబడ్డాను. "హుసేనప్పా" అని పిలుపు వచ్చింది. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పలకలేదు. పక్కన యోహాను నన్ను మోచేత్తో పొడిచాడు. నేను పళ్ళు బిగించి నేలను చూస్తూ నిలబడ్డాను. మూడోసారి పిలవలేదు.

గ్రౌండు చివర ఒక పెద్ద బండరాయి ఉండేది. దాని మీద రోజూ ఒక ముసలామె కొంగు తలమీదికి కప్పుకుని కూర్చునేది. ఆట చూడడానికి కాదు. పిలుపు మొదలవ్వగానే లేచి వెళ్ళిపోయేది. ఎవరో గ్రౌండు పక్క ఇంటామె, గాలికి కూర్చుంటుంది అనుకునేవాళ్ళం. ఆ రోజు ఆమె లేవలేదు. కాసేపు చూసి, రాయి దిగి, మెల్లగా నడుచుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, వాడు రాలేదా ఈ పొద్దు?" అని అడిగింది.

ఆయన ఆమె ముఖం వైపు చూడలేదు. "వస్తాడు పెద్దమ్మా. ఇంగా రాలా. నువ్వు కూసో," అన్నాడు.

ఆమె అక్కడే నిలబడింది. ఆయన మా వైపు తిరిగాడు. అట్లాంటి గొంతు ఆయన దగ్గర నేను అంతకుముందు వినలేదు, ఆ తరువాత ఒక్కసారే విన్నాను. బతిమాలుతున్న గొంతు.

"హుసేనప్పా."

"హాజర్," అన్నాను.

ఆమె ఊ అని తల ఊపి, కొంగు సర్దుకుని, వెళ్ళిపోయింది. వేగంగా కూడా కాదు. అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చిన మనిషి మాదిరి వెళ్ళింది. ఆమె హుసేనప్ప తల్లి. కొడుకు పేరు పిలిస్తే ఎవరో ఒకరు పలకడం వినడానికి రోజూ వచ్చేదట.

ఆట అయ్యాక ఆయన నన్ను ఆపాడు. నేను పోట్లాడే ఉద్దేశంతోనే ఉన్నాను.

"నా పేరు సామేలన్నా," అన్నాను.

"తెలుసులేప్పా."

"తెలిస్తే పిలువు మరి."

ఆయన బీడీ ముట్టించుకున్నాడు. ప్యాడ్లో దూది కాస్త లాగి వేళ్ళతో నలుపుతూ నిలబడ్డాడు. "ఆమె ఉన్నన్ని దినాలు పలుకప్పా. ఆమె పోయినాంక నీ పేరే పిలుస్తా. అందరి పేర్లూ పిలుస్తా. అప్పుడు కొత్త టీము అయితాది," అన్నాడు.

"ఎన్ని దినాలు?"

"ఎవురు సెప్తారప్పా. మూడేండ్లు అనుకో."

ఆ తల్లి గట్టి మనిషి. నేను ఇంటరు పాసై, పీఈటీ ట్రైనింగుకు పోయేదాకా బండరాయి మీద కూర్చుంటూనే ఉంది. నా తరువాత ఇంకొక హుసేనప్ప వచ్చాడు. ఆమె పోయిందని నాకు ఎమ్మిగనూరులో ఉద్యోగం వచ్చాక తెలిసింది. పరామర్శకని ఆదోని పోయి, గ్రౌండు వైపు కూడా నడిచాను. ఇక కొత్త పేర్లు వినొచ్చునని లోపల ఆశ. వరస నిలబడి ఉంది. ఆయన గోలు కొయ్య పట్టుకుని నిలబడి ఉన్నాడు. "హుసేనప్పా" అని పిలిచాడు. ఎవరో పిల్లవాడు "హాజర్" అన్నాడు. బండరాయి మీద ఎవరూ లేరు.

నేను వెనక్కి తిరిగాను. ఆయన మాత్రం నన్ను గుర్తుపట్టి, నేను తిరిగి పోతుంటే గుర్తుపట్టాడు లెండి, వెనకనుంచి అన్నాడు. "అలవాటైపోయింది కదప్పా, టక్కున మానేకి కాలేదు."

తరువాత గ్రౌండు కూడా పోయింది. సగం మీద అంగళ్ళు లేచాయి. పిల్లలు క్రికెట్‌కు పోయారు. ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని దారిలో పోయేవాళ్ళ వీపులు చూస్తూ కాలం గడిపాడు. నేను ఆదివారాలు వీలున్నప్పుడు పోయేవాణ్ణి. దూది దుమ్ము పీల్చిన ఊపిరి, ఒకటే దగ్గు. ఒకసారి ఆయనకు నా ఫోన్లో హాకీ లీగు ఆట చూపించాను. మైకులో మాట్లాడేవాళ్ళు ఒక జట్టు గురించి చెప్తున్నారు.

"ఏమంటాండారు?" అని అడిగాడు.

"ఈ టీమోళ్ళు పాతోళ్ళను ఇడిసిపెట్టి అంతా కొత్తోళ్ళతో కట్టుకుంటాండారంట. టీము మళ్ళా నిలబడేకి మూడు నాలుగేండ్లు పడతాదంటాండారు," అన్నాను. నాకు నవ్వు వచ్చింది. ఈయన నవ్వుతాడనుకున్నాను.

నవ్వలేదు. "పాతోళ్ళు యాడికి పోయినారు?" అన్నాడు.

"వేరే టీములోళ్ళు కొనుక్కున్నారు."

"అందరూ ఉండారా? బతికే ఉండారా?"

"ఉండారన్నా."

"అయితే ఇంగేముంది," అని ఫోను నా చేతికి ఇచ్చేశాడు. "ఊరికే మూడేండ్లు ఏంటికి వాళ్ళకు?"

పోయిన ఏడు ఎండాకాలం ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని యోహాను ఫోను చేస్తే పోయాను. మధ్యాహ్నం. వార్డులో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి లేదు. ఆయన సగమైపోయి ఉన్నాడు, కళ్ళు మూసుకుని పడుకున్నాడు. భార్య ఎప్పుడో పోయింది, కూతురు మందులకు వెళ్ళిందని పక్క మంచం ఆయన చెప్పాడు. నేను కూర్చోలేక కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడ్డాను.

"హుసేనప్పా."

వెనకనుంచి. గ్రౌండులో ఆ రోజు విన్న గొంతే. నేను తిరగలేదు. తిరిగితే నా ముఖం చూసి ఎవరప్పా నువ్వు అంటాడని భయం వేసింది. ముఖం చూసి ఆయన చిన్నబోవడం నేను ఒకసారి చూశాను, చాలు.

"లారీ దిగినావా?" అన్నాడు.

నా పేరు కోసం పంతం పట్టిన వాణ్ణి నేనే. నా పేరు సామేలన్నా అని ఒక్క మాట అంటే సరిపోయేది. "దిగినానన్నా," అన్నాను.

"అందరూ దిగినారా?"

"అందరూ దిగినారు."

"నువ్వు సెప్తే ఎట్లప్పా. పిలవాల." ఊపిరి తీసుకుని పిలిచాడు. "హుసేనప్పా."

"హాజర్."

"బజారప్పా."

"హాజర్," అన్నాను నేనే.

ఉరుకుందు, ఈరన్న, సుంకన్న. ఒక్కొక్క పేరుకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. వరస ఎక్కడా తప్పలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని అన్నిటికీ నేనే పలికాను. పక్క మంచం ఆయన లేచి కూర్చుని మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఎవరో నర్సమ్మ తలుపు దగ్గర ఆగి, చూసి పోయింది. పదో పేరు అయింది. హాజర్ అన్నాను. ఆయన ఆగాడు. గ్రౌండులో ఎప్పుడూ ఆగేది అక్కడే.

అప్పుడు నేను ఆయన పేరు పిలిచాను. ఎన్నడూ పిలవలేదు, అన్నా అనడమే తప్ప. ఇక్కడ రాయనన్న పేరు అదే. ముందు ఏమీ వినపడలేదు. మళ్ళీ పిలిచాను.

"హాజర్," అన్నాడు.

ఆ వారంలోనే పోయాడు. మట్టి చేసేదానికి రఫీ, యోహాను, ఇంకా ఊళ్ళో ఉన్న మిగతావాళ్ళు వచ్చారు. మేమే మోశాం. దారిలో వెనకనుంచి ఎవరో ముసలాయన, మిల్లులో పనిచేసినవాడు కాబోలు, మమ్మల్ని చూసి అన్నాడట. పాత టీమోళ్ళు నడిచినట్లే ఉందప్పా అని. యోహాను నాకు తరువాత చెప్పాడు. నేను వినకపోవడమే మంచిదైంది.

ఇదంతా అయిపోయిందనే అనుకున్నాను. ఇప్పుడు ఆ కుర్ర కోచ్ వచ్చి పిల్లల వేళ్ళు చూపించాడు.

మరుసటి రోజు ఉదయం మా పిల్లలను గ్రౌండులో వరసగా నిలబెట్టాను. మొదట వాళ్ళ పేర్లు పిలిచాను. వాళ్ళ పేర్లే. ఇన్నేళ్ళూ నేను ఆ ఒక్క పని మాత్రం ఆయన మాదిరి చేయలేదు. మిగతా పిలుపంతా ఆయనదేనని పిలుస్తుంటే తెలిసింది. కుడి చివర నుంచి మొదలుపెట్టి గోలు దాకా. తరువాత హుసేనప్ప గురించి చెప్పాను. మెషీన్ గురించి, లారీ గురించి, ఆయన వెనక నిలబడిన మా పెద్దమనిషి గురించి. పిల్లలు గుసగుసలాడకుండా విన్నారు.

"ఆ వేలు ఆయనకు లేదు కాబట్టి లేదు. మీకు ఉంది. మీ వేలు మీరు వాడుకోవాల," అన్నాను. "అందరూ స్టిక్ పట్టుకోండి. వేలు దించండి."

దించారు. శిరీష అందరికన్నా ముందు దించింది. మొహం గంటు పెట్టుకుని, వేలిని స్టిక్కుకు అదిమి పట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడింది. వచ్చేసారికైనా ఎంపిక కావాలని ఆ పిల్ల పట్టుదల. నాదీ అదే.

"ఇట్ల పట్టుకోవాల, సూడండి," అని నా స్టిక్ తీసుకుని చూపించాను. బంతిని ముందుకు తోసి, కుడివైపు గీత వెంబడి నాలుగడుగులు పరుగెత్తి, ఆగాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

శిరీష మెల్లగా అంది, "సార్, మీ వేలు."

చూసుకున్నాను. లేచే ఉంది. దించాను. చెయ్యి కదలగానే మళ్ళీ లేచింది. ఇంకోసారి దించి, కుడి చేత్తో పట్టి నొక్కాను.

"దిగేకి ఎన్ని దినాలు పడతాది సార్?" అని అడిగింది ఆ పిల్ల. వేళాకోళం కాదు. తన వేలి గురించే అడిగింది.

నేను బాగా ఆలోచించాను.

"మూడేండ్లు పడతాదమ్మా," అన్నాను.